ఈమన్ డి వలేరా

ఈమన్ డి వలేరా (1882 అక్టోబరు 14 - 1975 ఆగష్టు 29) ఐర్లాండు స్వాతంత్ర్య సమరయోధుడు, రాజనీతిజ్ఞుడు. ఆ దేశ ప్రభుత్వాధినేతగా మూడు పర్యాయాలలో మొత్తం 21 సంవత్సరాలు, ఆ తరువాత అధ్యక్షునిగా 14 సంవత్సరాలు పనిచేశాడు. 1937లో అమలులోకి వచ్చిన ఐర్లాండు రాజ్యాంగం ఈయన నాయకత్వంలోనే రూపొందింది. సైన్యం, పన్నులు, పరిపాలన స్వదేశీయుల చేతికి వచ్చిన తరువాత కూడా పరాయి రాజు పేరు లాంఛనంగా మిగిలి ఉంటే ఆ దేశం స్వతంత్రమైనట్లా, కాదా అన్న ప్రశ్న ఈయన రాజకీయ జీవితమంతటా వెన్నంటి ఉన్నది. ఆ ప్రశ్న మీదనే 1922లో ఈయన తన సహచరుల నుండి విడిపోయాడు. దేశం అంతర్యుద్ధంలో మునిగింది. పదేళ్ళ తరువాత అధికారం చేపట్టి, అదే లాంఛనాన్ని యుద్ధంతో కాక శాసనాలతో అంచెలంచెలుగా తొలగించాడు.

బాల్యం, విద్యాభ్యాసం

డి వలేరా అమెరికాలోని న్యూయార్క్ నగరంలో జన్మించాడు. తల్లి కేథరిన్ కోల్ ఐర్లాండులోని లిమరిక్ కౌంటీకి చెందిన బ్రూరీ గ్రామం నుండి వలస వెళ్ళిన మహిళ. తండ్రి స్పానిష్ సంతతివాడని చెబుతారు. 1885లో, రెండేళ్ళ వయసులో, మేనమామ వెంట ఈయనను బ్రూరీకి పంపివేశారు. అక్కడ ఒక వ్యవసాయ కూలీ కుటుంబపు ఇంట్లో అమ్మమ్మ వద్ద పెరిగాడు. ఊరి బడిలో ప్రాథమిక విద్య, చార్లెవిల్ లో ఉన్నత పాఠశాల విద్య పూర్తిచేసి, ఉపకారవేతనంతో డబ్లిన్ సమీపంలోని బ్లాక్‌రాక్ కళాశాలలో చేరాడు. 1904లో గణితశాస్త్రంలో పట్టభద్రుడై, డబ్లిన్ లో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో గణితం బోధించాడు.

1908లో ఐరిష్ భాషా పునరుద్ధరణ కోసం కృషిచేస్తున్న గేలిక్ లీగ్ లో చేరాడు. ఎడ్వర్డ్ అన్న తన పేరును ఐరిష్ రూపమైన ఈమన్ గా మార్చుకున్నాడు. తనకు ఆ భాష నేర్పిన ఉపాధ్యాయురాలు షినేడ్ ను 1910 జనవరి 8న వివాహమాడాడు. వీరికి ఐదుగురు కుమారులు, ఇద్దరు కుమార్తెలు. ఈయన రాజకీయాలలోకి వచ్చింది భాషోద్యమం ద్వారానే. స్వాతంత్ర్యమంటే పరిపాలనాధికారం మాత్రమే కాదనీ, ఒక జాతి తన పేరును, తన భాషను, తన చిహ్నాలను తానే నిర్ణయించుకోవడమనీ ఈయన భావించడానికి మూలం ఇక్కడ కనిపిస్తుంది.

1916 తిరుగుబాటు

1801 నుండి ఐర్లాండుకు ప్రత్యేక శాసనసభ లేదు. లండన్ పార్లమెంటే అక్కడి శాసనాలన్నిటినీ చేసేది. ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ళలో ఐరిష్ నాయకులలో అత్యధికులు కోరినది బ్రిటీషు రాజు నీడలో స్వపరిపాలన మాత్రమే. 1905లో సిన్ ఫెయిన్ సంస్థను స్థాపించిన ఆర్థర్ గ్రిఫిత్ సైతం ఆస్ట్రియా, హంగరీల మాదిరిగా ఒకే రాజు కింద రెండు సమాన రాజ్యాలు ఉంటే చాలునని వాదించాడు.

1913 నవంబరులో ఏర్పడిన ఐరిష్ వాలంటీర్ల దళంలో డి వలేరా చేరాడు. 1916 ఏప్రిల్ 24న, ఈస్టర్ సోమవారం నాడు, డబ్లిన్ లో గణతంత్రాన్ని ప్రకటిస్తూ జరిగిన తిరుగుబాటులో మూడవ పటాలానికి నాయకునిగా బోలండ్ రొట్టెల కర్మాగారం పరిసరాలను ఆక్రమించాడు. వారం రోజులలో తిరుగుబాటు అణచివేయబడింది. మే నెలలో 15 మంది నాయకులను కాల్చి చంపారు. డి వలేరాకు కూడా మరణశిక్ష పడింది కాని, దానిని యావజ్జీవ శిక్షగా మార్చారు. ఈయన విచారణ ఆలస్యంగా జరగడం, అప్పటికే మరణశిక్షలపై ప్రజలలో ఆగ్రహం పెరగడం ఇందుకు ముఖ్య కారణాలు. 1917 జూన్ లో విడుదలై, మరుసటి నెలలోనే తూర్పు క్లేర్ ఉపఎన్నికలో గెలిచాడు.

1917 అక్టోబరులో సిన్ ఫెయిన్ మహాసభలో రాచరికపు ప్రశ్న మొదటిసారి తీవ్రంగా తలెత్తింది. గ్రిఫిత్ వర్గం ఉమ్మడి రాజుకు సుముఖంగా ఉండగా, తిరుగుబాటులో పాల్గొన్నవారు గణతంత్రం తప్ప మరొకటి వద్దన్నారు. డి వలేరా మధ్యేమార్గాన్ని కనుగొన్నాడు. ముందు గణతంత్రంగా అంతర్జాతీయ గుర్తింపు సాధించాలి, ఆ తరువాత ఎటువంటి ప్రభుత్వం కావాలో ప్రజలే ప్రజాభిప్రాయ సేకరణ ద్వారా నిర్ణయించుకోవాలి అన్నది దాని సారాంశం. ఇరుపక్షాలూ అంగీకరించాయి. గ్రిఫిత్ తప్పుకొనగా డి వలేరా సంస్థకు అధ్యక్షుడయ్యాడు.

స్వాతంత్ర్య పోరాటం

1918 డిసెంబరు ఎన్నికలలో ఐర్లాండుకు ఉన్న 105 స్థానాలలో సిన్ ఫెయిన్ 73 గెలుచుకున్నది. వారు లండన్ వెళ్ళక, 1919 జనవరి 21న డబ్లిన్ లోనే డాయిల్ అనే పేరుతో స్వంత శాసనసభను ఏర్పాటు చేసుకున్నారు. అప్పటికి ఇంగ్లాండులోని లింకన్ కారాగారంలో ఉన్న డి వలేరా ఫిబ్రవరిలో మారుతాళం సహాయంతో తప్పించుకొని వచ్చి, ఏప్రిల్ లో డాయిల్ అధ్యక్షునిగా ఎన్నికయ్యాడు. 1919 జూన్ నుండి 1920 డిసెంబరు వరకు అమెరికాలో పర్యటించి ఉద్యమానికి నిధులు, మద్దతు సమీకరించాడు. ఆ కాలంలో ఐర్లాండులో మైకేల్ కాలిన్స్ ప్రభృతులు గెరిల్లా యుద్ధం నడిపారు. 1921 జులై 11న యుద్ధవిరమణ జరిగింది.

ఒప్పందం, విధేయతా ప్రమాణం

లండన్ లో జరిగిన తుది చర్చలకు డి వలేరా స్వయంగా వెళ్ళలేదు. గ్రిఫిత్, కాలిన్స్ లతో కూడిన ఐదుగురు ప్రతినిధులను పంపాడు. ఈ నిర్ణయం నేటికీ చరిత్రకారుల మధ్య వివాదాస్పదమే. 1921 డిసెంబరు 6న ప్రతినిధులు ఒప్పందంపై సంతకాలు చేశారు. దాని ప్రకారం 26 కౌంటీలతో ఐరిష్ స్వేచ్ఛారాజ్యం ఏర్పడుతుంది. కెనడా మాదిరిగా బ్రిటీషు సామ్రాజ్యంలో డొమినియన్ హోదా కలిగి ఉంటుంది. రాజు ప్రతినిధిగా గవర్నర్ జనరల్ ఉంటాడు. శాసనసభ్యులు ముందుగా రాజ్యాంగానికి విధేయత ప్రకటించి, ఆ తరువాత రాజుకు, ఆయన వారసులకు విశ్వాసపాత్రులుగా ఉంటామని ప్రమాణం చేయాలి.

డి వలేరా ఈ ఒప్పందాన్ని తిరస్కరించాడు. దానికి బదులుగా బాహ్య సాహచర్యం అనే ప్రతిపాదన చేశాడు. దేశం లోపల సర్వాధికారమూ ఐరిష్ ప్రజల నుండే రావాలి. వెలుపల, ఉమ్మడి వ్యవహారాలలో మాత్రం కామన్వెల్త్ దేశాలతో కలిసి నడుస్తూ, ఆ కూటమికి అధిపతిగా రాజును గుర్తించవచ్చు. గణిత ఉపాధ్యాయుడైన ఈయన దీనిని వృత్తాలు గీసి వివరించేవాడని జీవితచరిత్రకారులు రాశారు. ఇతర డొమినియన్లు పెద్ద వృత్తం లోపలి చిన్న వృత్తాలు కాగా, ఐర్లాండు దానిని వెలుపలి నుండి తాకే మరొక వృత్తం.

ఒప్పందాన్ని సమర్థించినవారికి ఈ తేడా అతి స్వల్పమైనదిగా కనిపించింది. బ్రిటీషు సైన్యం తరలిపోతుంది, ఖజానా, పోలీసు, విద్య స్వదేశీ ప్రభుత్వం చేతికి వస్తాయి, వాటిని ఆధారం చేసుకొని మిగిలినది కాలక్రమంలో సాధించవచ్చు అన్నది కాలిన్స్ వాదన. డి వలేరా వర్గానికి మాత్రం ప్రమాణం కేవలం మాట కాదు. అధికారానికి మూలం ఎవరు అన్న ప్రశ్నకు అది సమాధానం. 1916లో ప్రకటించిన గణతంత్రానికి విధేయత ప్రకటించినవారు దానిని విడిచి రాజు పేర మరొక ప్రమాణం చేస్తే, ప్రాణాలర్పించినవారికి ద్రోహం చేసినట్లేనని వారు భావించారు. రాజు పాత్ర పూర్తిగా అలంకారమూ కాదు. శాసనాలకు గవర్నర్ జనరల్ ఆమోదం అవసరం. ఐరిష్ న్యాయస్థానాల తీర్పులపై లండన్ లోని ప్రీవీ కౌన్సిల్ కు అప్పీలు చేసుకొనే వీలు ఉండేది.

గమనించదగిన విషయమేమంటే, డాయిల్ లో జరిగిన సుదీర్ఘ చర్చలలో సభ్యులు అత్యధిక కాలం ప్రమాణం గురించే మాట్లాడారు. ఆరు కౌంటీల ఉత్తర ఐర్లాండు విడిపోవడం గురించి చాలా తక్కువ చర్చ జరిగింది. డి వలేరా స్వంత ప్రతిపాదనలో సైతం ఉత్తర ఐర్లాండుకు సంబంధించిన నిబంధనలు ఒప్పందంలో ఉన్నవాటికి పెద్దగా భిన్నమైనవి కావు.

1922 జనవరి 7న డాయిల్ 64-57 ఓట్లతో ఒప్పందాన్ని ఆమోదించింది. డి వలేరా పదవికి రాజీనామా చేశాడు.

అంతర్యుద్ధం

1922 జూన్ 28న ప్రభుత్వ సేనలకు, ఒప్పంద వ్యతిరేక దళాలకు మధ్య డబ్లిన్ లో పోరు మొదలైంది. ఆగష్టులో పది రోజుల వ్యవధిలో గ్రిఫిత్ అనారోగ్యంతో మరణించగా, కాలిన్స్ తన స్వంత జిల్లా కార్క్ లో మాటుదాడిలో హతుడయ్యాడు. ప్రభుత్వం 77 మంది ప్రత్యర్థులకు మరణశిక్ష అమలు జరిపింది. ఈ యుద్ధంలో సైనిక నిర్ణయాలు డి వలేరా చేతిలో లేవు. అయితే 1922 మార్చిలో ఈయన చేసిన ప్రసంగాలు ఉద్రిక్తతను పెంచాయన్న విమర్శ జీవితాంతం వెంటాడింది. 1923 మే నెలలో ఒప్పంద వ్యతిరేక దళాలు ఆయుధాలు విడిచాయి. అదే సంవత్సరం ఆగష్టులో డి వలేరా అరెస్టయి, 1924 జులై వరకు నిర్బంధంలో ఉన్నాడు.

తిరిగి శాసనసభకు

విధేయతా ప్రమాణం ఉన్నంతకాలం సిన్ ఫెయిన్ సభ్యులు ఎన్నికైనా శాసనసభలో అడుగుపెట్టలేదు. ఇది నిష్ప్రయోజనమని గ్రహించిన డి వలేరా, ప్రమాణాన్ని తొలగిస్తే సభలో ప్రవేశించవచ్చునని 1926లో ప్రతిపాదించాడు. సంస్థ అంగీకరించకపోవడంతో బయటకు వచ్చి మే నెలలో ఫియన్నా ఫాయిల్ పక్షాన్ని స్థాపించాడు. 1927 జూన్ ఎన్నికలలో ఆ పక్షం 44 స్థానాలు గెలిచింది కాని, ప్రమాణం చేయనందున సభ్యులను లోనికి అనుమతించలేదు.

జులైలో మంత్రి కెవిన్ ఒహిగిన్స్ ను సాయుధులు కాల్చి చంపారు. ఎన్నికైతే ప్రమాణం చేస్తామని అభ్యర్థులు ముందుగానే హామీ ఇవ్వాలన్న చట్టాన్ని ప్రభుత్వం తలపెట్టింది. డి వలేరా ముందు రెండే మార్గాలు మిగిలాయి: రాజకీయాల నుండి తప్పుకోవడం, లేదా ప్రమాణం చేయడం. ఆగష్టులో ఈయన తన అనుచరులతో శాసనసభ కార్యాలయానికి వెళ్ళాడు. అక్కడ ఉంచిన బైబిలును దూరంగా తొలగించి, తాను ఏ ప్రమాణమూ చేయడం లేదని అధికారికి తెలిపి, పుస్తకంలో సంతకం మాత్రం చేశాడు. ఇది అర్థం లేని లాంఛనం మాత్రమేనని ఆ పక్షం ప్రకటించింది. అంతర్యుద్ధంలో తమవారిని పోగొట్టుకున్న ఇరుపక్షాల కుటుంబాలూ, ఐదేళ్ళ ముందు ఇదే సంతకం చేసి ఉండవచ్చు కదా అని ప్రశ్నించాయి. డి వలేరాపై వచ్చిన విమర్శలన్నిటిలో ఇదే బలమైనది.

రాచరిక చిహ్నాల తొలగింపు

1932 ఫిబ్రవరి ఎన్నికలలో ఫియన్నా ఫాయిల్ 72 స్థానాలు గెలిచింది. మార్చి 9న డి వలేరా ప్రభుత్వాధినేత అయ్యాడు. ఈయన చేతికి అప్పటికే ఒక సాధనం సిద్ధంగా ఉన్నది. డొమినియన్ల శాసనసభలు బ్రిటీషు చట్టాలను సైతం మార్చుకోవచ్చునని 1931 డిసెంబరులో వెస్ట్‌మినిస్టర్ శాసనం గుర్తించింది. ఆ శాసనం రావడానికి ఈయన ప్రత్యర్థులైన పూర్వ ప్రభుత్వంవారు సామ్రాజ్య సమావేశాలలో ఎంతో కృషి చేశారు.

విధేయతా ప్రమాణాన్ని రద్దుచేసే బిల్లును ఈయన వెంటనే ప్రవేశపెట్టాడు. ఎగువసభ జాప్యం చేయగా, అది 1933 మేలో చట్టమైంది. గవర్నర్ జనరల్ జేమ్స్ మెక్‌నీల్ ను మంత్రులు బహిరంగంగా అవమానించడం, ఆయన ఆ ఉత్తర ప్రత్యుత్తరాలను ప్రకటించడం పెద్ద వివాదమై, 1932లో ఆయన పదవి నుండి తొలగించబడ్డాడు. ఆ స్థానంలో మేనూత్ పట్టణంలో దుకాణం నడిపే డోనల్ ఓ బుహల్లాను నియమించారు. 1916 తిరుగుబాటులో పాల్గొన్న ఈయన, గవర్నర్ జనరల్ అధికార భవనంలో కాక నగరంలో ఒక అద్దె ఇంట్లో నివసించి, బిల్లులపై సంతకాలు చేయడం తప్ప ఏ ఉత్సవంలోనూ కనిపించలేదు. పదవిని రద్దు చేయక ముందే దాని ప్రతిష్ఠను హరించడం డి వలేరా అనుసరించిన పద్ధతి. 1933లోనే ప్రీవీ కౌన్సిల్ కు అప్పీలు చేసుకొనే హక్కును కూడా రద్దు చేశారు.

ఇదే కాలంలో బ్రిటన్ కు చెల్లించవలసిన భూమి వాయిదాలను ఈయన నిలిపివేయగా, ఇరుదేశాల మధ్య సుంకాల పోరు సాగింది. దాని భారం పశువులను ఎగుమతి చేసే ఐరిష్ రైతులపై ఎక్కువగా పడింది.

1936 డిసెంబరులో ఎనిమిదవ ఎడ్వర్డ్ రాజు సింహాసనాన్ని వదులుకున్నాడు. డి వలేరా ఆ అవకాశాన్ని జారవిడువలేదు. డిసెంబరు 11, 12 తేదీలలో రెండు చట్టాలు ఆమోదింపజేశాడు. మొదటిది రాజ్యాంగం నుండి రాజును, గవర్నర్ జనరల్ ను తొలగించింది. రెండవది విదేశీ రాయబారుల నియామకం, అంతర్జాతీయ ఒప్పందాల విషయంలో మాత్రం ఐరిష్ ప్రభుత్వ సలహాపై రాజు సంతకం చేసేందుకు వీలు కల్పించింది. 1921లో తాను ప్రతిపాదించిన బాహ్య సాహచర్యాన్నే ఈ విధంగా పదిహేనేళ్ళ తరువాత శాసనం చేశాడు.

1937 రాజ్యాంగం

1937 జులై 1న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 6,85,105 మంది అనుకూలంగా, 5,26,945 మంది వ్యతిరేకంగా ఓటు వేయగా కొత్త రాజ్యాంగం ఆమోదం పొందింది. అది డిసెంబరు 29న అమలులోకి వచ్చింది. అందులో రాజు ప్రస్తావన లేదు, గణతంత్రం అన్న పదమూ లేదు. ఆ పదాన్ని దేశం మొత్తం ఏకమయ్యే రోజు కోసం డి వలేరా దాచి ఉంచాడని చరిత్రకారుల అభిప్రాయం. 1938లో మొదటి అధ్యక్షుడైన డగ్లస్ హైడ్ ఐరిష్ భాషా పండితుడు, ప్రొటెస్టెంటు మతస్థుడు. ఒకనాటి రాజప్రతినిధి భవనమే అధ్యక్ష భవనమైంది.

ఈ రాజ్యాంగం విమర్శలకు అతీతం కాదు. కేథలిక్ మతానికి ఇచ్చిన ప్రత్యేక స్థానాన్ని 1972 ప్రజాభిప్రాయ సేకరణ, విడాకులపై నిషేధాన్ని 1995 ప్రజాభిప్రాయ సేకరణ తొలగించాయి.

తటస్థత

1938 ఏప్రిల్ లో బ్రిటన్ తో జరిగిన ఒప్పందం ద్వారా కోటి పౌండ్ల ఏకమొత్తం చెల్లింపుతో భూమి వాయిదాల వివాదం ముగిసింది. బ్రిటీషు నౌకాదళం అట్టిపెట్టుకున్న మూడు రేవులు ఐర్లాండుకు తిరిగి వచ్చాయి. రెండవ ప్రపంచయుద్ధంలో ఐర్లాండు తటస్థంగా ఉండగలిగింది ఈ రేవుల వల్లనే. బ్రిటీషు రాజు యుద్ధం చేస్తుండగా, ఆయన పేరుతో రాయబారులను నియమించే దేశం యుద్ధానికి దూరంగా నిలిచింది. లాంఛనం స్వేచ్ఛను అడ్డుకోలేదనడానికి ఇది పెద్ద నిదర్శనం. అయితే అదే లాంఛనం చిక్కులూ తెచ్చింది. బెర్లిన్ కు కొత్త దౌత్యాధిపతిని పంపాలంటే, జర్మనీతో యుద్ధంలో ఉన్న రాజు హిట్లర్ పేర నియామకపత్రంపై సంతకం చేయాలి. అది అసాధ్యం కనుక యుద్ధకాలమంతా అక్కడ తాత్కాలిక అధికారితోనే సరిపెట్టారు. 1945 మేలో హిట్లర్ మరణానంతరం డి వలేరా దౌత్య మర్యాద పేరుతో జర్మన్ రాయబారికి సంతాపం తెలపడం తీవ్ర విమర్శకు గురైంది.

గణతంత్ర ప్రకటన, భారతదేశంతో సంబంధం

1948 ఎన్నికల తరువాత డి వలేరా అధికారం కోల్పోయాడు. కొత్త ప్రధాని జాన్ కాస్టెల్లో రాజుతో మిగిలిన చివరి సంబంధాన్ని తెంచుతూ చట్టం చేశాడు. 1949 ఏప్రిల్ 18న ఐర్లాండు గణతంత్రమై కామన్వెల్త్ నుండి వైదొలగింది. ఇందుకు ప్రతిగా, ఉత్తర ఐర్లాండు శాసనసభ అంగీకారం లేకుండా ఆ ప్రాంతాన్ని వేరు చేయబోమని బ్రిటన్ అదే సంవత్సరం చట్టం చేసింది. కిరీటంతో బంధం తెగింది గాని, సరిహద్దు మరింత గట్టిపడింది.

అదే ఏప్రిల్ లో లండన్ లో సమావేశమైన కామన్వెల్త్ ప్రధానులు భారతదేశం గణతంత్రంగా ఉంటూనే సభ్యత్వం కొనసాగించవచ్చునని అంగీకరించారు. రాజును కూటమికి అధిపతిగా, స్వేచ్ఛాయుత సాహచర్యానికి చిహ్నంగా మాత్రమే భారత్ గుర్తించింది. డి వలేరా 1921 ప్రతిపాదనకు ఇది చాలా దగ్గరగా ఉన్నది. భారత జాతీయవాదులు ఐర్లాండును మొదటి నుండీ ఆసక్తితో గమనించేవారు. సుభాష్ చంద్రబోస్ 1936లో డబ్లిన్ వెళ్ళి డి వలేరాను కలిశాడు. డి వలేరా 1948లో భారతదేశాన్ని సందర్శించాడు. భారత రాజ్యాంగంలోని ఆదేశిక సూత్రాలకు 1937 ఐరిష్ రాజ్యాంగం స్ఫూర్తి. తెలుగు కుటుంబంలో జన్మించిన వి.వి.గిరి 1913-16 మధ్య డబ్లిన్ లో న్యాయశాస్త్రం చదివి, అక్కడి ఉద్యమ ప్రభావంతో స్వదేశానికి వచ్చాడు. ఆయన 1969లో భారత రాష్ట్రపతి అయ్యేనాటికి డి వలేరా ఐర్లాండు అధ్యక్షునిగా ఉన్నాడు.

చివరి రోజులు

1951-54, 1957-59 కాలాలలో డి వలేరా మళ్ళీ ప్రధాని అయ్యాడు. 1959లో అధ్యక్షునిగా ఎన్నికై, 1966లో స్వల్ప ఆధిక్యంతో రెండవసారి గెలిచాడు. అప్పటికి ఈయన చూపు దాదాపుగా పోయింది. 1973 జూన్ లో, 90 ఏళ్ళ వయసులో పదవీ విరమణ చేశాడు. భార్య షినేడ్ 1975 జనవరిలో, ఈయన అదే సంవత్సరం ఆగష్టు 29న మరణించారు. డబ్లిన్ లోని గ్లాస్‌నెవిన్ శ్మశానవాటికలో ఖననం చేశారు. కాలిన్స్, గ్రిఫిత్ ల సమాధులు కూడా అక్కడే ఉన్నాయి.

మూల్యాంకనం

ఒప్పందం ఇచ్చిన అధికారంతో మిగిలినది సాధించవచ్చునన్న కాలిన్స్ వాదన నిజమేనని నిరూపించినది, విచిత్రంగా, డి వలేరా పరిపాలనే. అందువలన 1922 అంతర్యుద్ధం నివారించదగినదేనని పలువురు చరిత్రకారులు భావిస్తారు. ప్రమాణాన్ని అంగీకరించనివారు ఉన్నందువల్లనే దానిని తొలగించాలన్న పట్టుదల నిలిచిందని ఈయన సమర్థకులు చెబుతారు. కిరీటం నీడ తొలగినా ఈయన కలలుగన్న ఐరిష్ భాషా పునరుద్ధరణ నెరవేరలేదు. 1950 దశకంలో లక్షలాది యువతీయువకులు పని కోసం బ్రిటన్ కే వలస వెళ్ళారు. జాతి అస్తిత్వానికి చిహ్నాల తొలగింపు ఒక్కటే చాలదని ఈ అనుభవం తెలుపుతుంది.

2011 మేలో రెండవ ఎలిజబెత్ రాణి ఐర్లాండులో పర్యటించి, స్వాతంత్ర్యం కోసం ప్రాణాలర్పించినవారి స్మారకం వద్ద పుష్పగుచ్ఛం ఉంచింది. స్వతంత్ర ఐర్లాండుకు బ్రిటీషు రాచరికాధినేత వెళ్ళడం అదే మొదటిసారి. ఆమెను ఐర్లాండు అధ్యక్షురాలు మరొక దేశపు అధినేతగా సమాన హోదాలో ఆహ్వానించింది.